అద్దానికి అటూ ఇటూ

ఆ వీధిలో ఆమెను అందరూ అక్కా అనే పిలుస్తారు. ఆమె కంటే పదేళ్ళు పెద్దయిన పాలవాడూ అక్కే అంటాడు, బడికెళ్ళే పిల్లలూ అక్కే అంటారు. ఆ వరస ఆమె తమ్ముడి గొంతు పెట్టిన భిక్ష. అద్దాల కొట్టులోంచి వాడు "అక్కా!" అని ఒక్క కేక వేస్తే వీధి చివర కూరగాయల బండి దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూస్తారు. అదే గొంతుతో వాడు "బావా!" అని కూడా అరుస్తాడు కాబట్టి ఆమె భర్త ఊరందరికీ బావ అయిపోయాడు. మొదట్లో ఆయనకిది నచ్చలేదు. చెత్త బండి తోసుకొచ్చేవాడు కూడా బావా అంటే ఎవరికి మాత్రం నచ్చుతుంది? తర్వాత అలవాటైపోయింది.

కొట్టు చిన్నది. గోడలకు చేరగిల వేసిన అద్దాలు, మధ్యలో మందపాటి దుప్పటి పరిచిన పెద్ద బల్ల, వెనక అంచులు నునుపు చేసే సానరాయి. ఆ వెనకే వాళ్ళ ఇల్లు. అక్క పని సాన దగ్గర. కోసిన అద్దాన్ని తడిపి, అంచును రాయికి ఆనించి, పిల్లలు వేలు పెట్టి రాసినా తెగకుండా చేసి, పాత పేపర్లు చుట్టి ఇస్తుంది. వచ్చినవాళ్ళతో బేరాలూ ఆమెవే. కోసిన అద్దం పట్టుకొచ్చి "కాస్త పెద్దది చేసివ్వండమ్మా" అనేవాళ్ళు అప్పుడప్పుడూ తగులుతుంటారు. "చిన్నది చెయ్యమంటే చేస్తాం బాబూ. పెద్దదవ్వాలంటే రోజూ నీళ్ళు పోసి పెంచాలి" అంటుంది అక్క, మొహంలో నవ్వు రానివ్వకుండా. సగంమంది ఆలోచనలో పడతారు.

పొట్టి మనిషి, గట్టి మనిషి. ఇంట్లో కూడా చెప్పులు విప్పదు. అద్దం ముక్క ఏ మూల నక్కి ఉంటుందో ఎవరికి తెలుసు?

ఆమె పెళ్ళి ఎలా కుదిరిందో ముందు చెబితేగాని తర్వాత జరిగిన గొడవ అర్థం కాదు. తమ్ముడూ, బావా మొదట ఒక పెద్ద అద్దాల గోదాములో పనివాళ్ళు. అప్పటికి ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. పెద్ద అద్దం మొయ్యాలంటే ఇద్దరు కావాలి. ఆ ఇద్దరి ఎత్తూ కలవాలి, అడుగూ కలవాలి. ఒకడు జోరుగా, ఇంకొకడు తాపీగా నడిస్తే అద్దం మధ్యలో మెలితిరిగి పుటుక్కుమంటుంది. మేస్త్రీ ఎంతమందిని మార్చి మార్చి చూశాడో గాని, ఈ ఇద్దరికీ కుదిరినట్టు ఎవరికీ కుదరలేదు. ఒకడికి తుమ్ము రాబోతుంటే రెండోవాడు ముందే ఆగిపోయేవాడు. గోదాములో వాళ్ళను జోడెడ్లు అనేవాళ్ళు.

ఆ జోడులో నోటి దురుసున్నవాడు, అంటే ఇప్పటి బావ, సెలవు రోజుల్లో తమ్ముడింటికి రావడం మొదలుపెట్టాడు. వచ్చేవాడు, కూర్చునేవాడు, తమ్ముడితో అద్దాల సంగతులు మాట్లాడేవాడు, పోయేవాడు. కొన్నాళ్ళకి "మనిద్దరం సొంత కొట్టు పెట్టుకుందాంరా" అన్నాడు. ఇంకొన్నాళ్ళకి "మీ అక్కని నాకిస్తారా?" అన్నాడు. తమ్ముడు ఎగిరి గంతేశాడు. అక్క గంతెయ్యలేదు. ఆమేం మందబుద్ధి కాదు. ఆ మనిషి ఎవరి కోసం వస్తున్నాడో, ఎవరు చెయ్యి జారిపోకుండా ఈ ముడి వేసుకుంటున్నాడో ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. అయినా సరే అంది. మనిషి చెడ్డవాడు కాదు, తాగడు, పైగా తమ్ముడు కళ్ళెదుటే ఉంటాడు. కొందరు మొహం చూసి చేసుకుంటారు, కొందరు ఆస్తి చూసి చేసుకుంటారు. ఈయన బావమరిదిని చూసి చేసుకున్నాడు. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. మొదట్లో అప్పుడప్పుడు మనసు చివుక్కుమనేది. తర్వాత కొట్టు పనిలో పడి దానికీ తీరిక లేకపోయింది.

బావకి చెయ్యి మంచిది. అద్దం మీద ఆయన గీసిన గీత వెంబడి కాకుండా అద్దం ఇంకో దారిలో పగలడం ఎవరూ చూడలేదు. నోరు మాత్రం మంచిది కాదు. తప్పయిందన్న మాట ఆ నోట ఎవరూ విన్న పాపాన పోలేదు. ఒకసారి బస్సులో ఎవరి కాలో తొక్కి, "కాళ్ళు ఇంట్లో పెట్టి రావచ్చుగా" అని తిరిగి వాళ్ళనే దులిపేశాడు.

ఇక గొడవ. పై వీధిలో ఒకావిడ మేడ మీద బ్యూటీ పార్లరు తెరుస్తూ, గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే అద్దం కావాలంది. కొలత తీసింది తమ్ముడు, స్టీలు టేపుతో. ఈ కొట్టులో ఒక కట్టుబాటు ఉంది: కొలిచినవాడే కొయ్యాలి. ఎందుకంటే తమ్ముడిది స్టీలు టేపు, బావది గోదాము నాటి చెక్క బద్ద. ఆ బద్ద ఒక కొస అరిగిపోయింది. దాంతోనే కొలిచి దాంతోనే కోస్తే ఏ చిక్కూ లేదు, అక్కడ పోయింది ఇక్కడా పోతుంది. టేపుతో కొలిచి బద్దతో కోస్తేనే వస్తుంది తంటా. ఆ రోజు తమ్ముడికి జ్వరం. పార్లరావిడ తొందర చేసింది. బావ తమ్ముడి కొలత చూసుకుని, తన బద్ద వేసి కోసేశాడు. అంత పొడవు అద్దం మీద బద్దను మళ్ళీ మళ్ళీ వెయ్యాలి కదా, వేసిన ప్రతిసారీ అరిగినంత మేర తరుగు పోయింది.

మర్నాడు ఇద్దరూ కలిసి మోసుకెళ్ళి గోడకు నిలబెడితే చివర వేలెడు సందు. పార్లరావిడ చూసింది, పనిపిల్లలు చూశారు, లైట్లు బిగిస్తున్న ఎలక్ట్రీషియను నిచ్చెన మీంచి చూశాడు.

"ఇదేంటండీ?" అంది ఆవిడ.

"కొలత వీడు తీశాడండీ" అన్నాడు బావ.

"కోసిందెవరు బావా?" అన్నాడు తమ్ముడు, ఇంకా నవ్వుతూనే.

అక్కడితో ఆగితే పోయేది. బావకి నలుగురిలో మాట పడడం చేతకాదు. "మా ఆవిడ తమ్ముడని పెట్టుకున్నానండీ, పనొచ్చని కాదు" అన్నాడు. పార్లరావిడ మర్యాద కోసం నవ్వింది. ఎలక్ట్రీషియను మర్యాద కోసం కాకుండానే నవ్వాడు. తమ్ముడు ఆ సందుకి ఒక చెక్కపట్టీ కొట్టి, చివరి స్క్రూ దాకా బిగించి, సామాను సర్దుకుని, నేరుగా సాన దగ్గరికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు అక్కకి అప్పజెప్పాడు.

అక్క సాన ఆపింది. విన్న వెంటనే ఆమెకు వచ్చింది కోపం కాదు, ఆశ్చర్యం. ఉన్నదాన్ని ఇంత నిక్కచ్చిగా తలకిందులు చేసి చెప్పడం కూడా ఒక విద్యే అనుకుంది.

"రింగురోడ్డు మీద పెద్ద షోరూము వాళ్ళు ఎప్పట్నుంచో రమ్మంటున్నారక్కా" అన్నాడు తమ్ముడు. "నెలాఖరు దాకా ఉంటాను. ఒప్పుకున్న పనులు మధ్యలో వదిలెయ్యను. ఆ తర్వాత నా దారి నాది."

"బావ నోటి సంగతి నీకు తెలీందా?"

"తెలుసు. ఇంట్లో ఎన్నయినా అననీ. ఊళ్ళో వాళ్ళ ముందు నా పని మీద అన్నాడు."

అక్క మళ్ళీ సాన మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆమెకి ఒక భయం పట్టుకుంది. తమ్ముడు రెండు వీధుల అవతలే ఉంటాడు, షోరూములో చేరినంత మాత్రాన అక్క అక్క కాకుండా పోదు. భయం వాడి గురించి కాదు. ఈయన తనను చేసుకుందే వాడి కోసం. ఇప్పుడు వాడే లేకపోతే ఈ కొట్టులో, ఈ ఇంట్లో తను ఎందుకున్నట్టు? వెళ్ళగొడతాడని కాదు, అలాంటి మనిషి కాదు. కాని గోదాము మూసేశాక కూడా గుమ్మంలో కూర్చుని ఉండే కాపలాదారులా ఉంటుంది తన బతుకు. ఈ మాట పైకి అనడానికి కూడా సిగ్గేసింది.

మాటలు ఆగిపోయాయి గాని పని ఆగలేదు. ఇద్దరూ ఆమెను మధ్యన పెట్టుకున్నారు. "ఆ మందపాటి పలక దించమను" అనేవాడు బావ, బల్లకి అటుపక్కన తమ్ముడు నిలబడి ఉండగానే. "దించానని చెప్పక్కా" అనేవాడు తమ్ముడు. అద్దం మొయ్యాల్సి వస్తే మరీ చిక్కు. మోసేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ నడవాలి, మెట్టుందనీ, మలుపుందనీ. ఇప్పుడవి చెప్పడానికి అక్క సాన వదిలి వాళ్ళ ముందు నడిచేది. ఒకరోజు అలా రోడ్డు దాటుతుంటే కూరగాయలావిడ ఏదో అడగబోయింది. "ఆగు" అంది అక్క ఆవిడతో. అద్దంతో సహా ఇద్దరూ నడిరోడ్డు మీద ఆగిపోయారు. ముందు లారీ, వెనక బస్సు. మళ్ళీ కదలమని చెప్పాలన్న సంగతి అక్కకి తట్టేసరికి వీధి వీధంతా హారన్లు. ఆ తర్వాత ఆమె రానని మొండికేసింది. అప్పుడు వేళ్ళతో అద్దం మీద కొట్టి చెప్పుకోవడం నేర్చారు. ఒక దెబ్బంటే ఆగు, రెండంటే కదులు. అంత తెలివున్నవాళ్ళు నోరు మాత్రం విప్పరు.

పక్క సెలూను ఆయన ఊరుకోలేకపోయాడు. తగవులు తీర్చడంలో తనను మించినవాడు లేడని ఆయనకొక నమ్మకం. చెరొక వంకతో ఇద్దర్నీ పిలిచి, పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, నోరు మెదపడానికి లేకుండా మొహాలకి దట్టంగా నురగ పట్టించాడు. తర్వాత ఇద్దరికీ మార్చి మార్చి గడ్డం గీస్తూ, నింపాదిగా ఉపన్యాసం మొదలుపెట్టాడు. చుట్టరికం గొప్పదన్నాడు, చేసిన స్నేహం అంతకన్నా గొప్పదన్నాడు. ఇద్దరి కళ్ళూ కాస్త మెత్తబడ్డాయి కూడా. అక్కడ ఆపితే పుణ్యం దక్కేది. "ఇంతకీ కొలత తప్పింది ఎవరిదో ఇప్పుడే తేల్చేద్దాం" అన్నాడు. తమ్ముడు సగం గడ్డంతోనే లేచి వెళ్ళిపోయాడు. బావ మిగిలిన సగం సంగతి ఆలోచించకుండా సెలూనాయన్ని తిట్టాడు. వారం రోజులు ఆ వీధిలో గడ్డాల మీదే జోకులు.

బావ తన పద్ధతిలో తనూ ప్రయత్నించాడు. ఆయన పద్ధతంటే నోటితో పని లేనిది. ఖరీదైన కొత్త కట్టరొకటి కొని, చెప్పాపెట్టకుండా తమ్ముడి సామాను పెట్టెలో పెట్టాడు. తమ్ముడు దాన్ని తీసి, తుడిచి, బల్ల మీద ఆయన చోటులో పెట్టి వెళ్ళాడు. మర్నాడు బావ మళ్ళీ పెట్టెలో పెట్టాడు. తమ్ముడు మళ్ళీ తీశాడు. ఆ కట్టరు నాలుగు రోజులు ఇటూ అటూ తిరిగింది గాని ఒక్క అద్దాన్ని కూడా తాకలేదు. అయిదో రోజు బావ దాన్ని అలమారలో పడేసి, బల్లమీదకి వంగి పని చేస్తున్నట్టు నటిస్తూ చాలాసేపు ఉండిపోయాడు. ఆయన భుజాలు అలా వంగడం అక్క ఎప్పుడూ చూడలేదు. ఆమెకి జాలేసింది. కోపం కూడా వచ్చింది, ఒక్క మాట ఖరీదు చెయ్యని కట్టరు కొన్నందుకు.

నెలాఖరు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు అక్క సాన ఆపి, తడి చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. కట్టర్లు కొనిపెడితే చెల్లదు. ఇంట్లో గొణిగినా చెల్లదు" అంది.

"ఏమనమంటావు?"

"తప్పుగా అన్నానని అనండి."

బావ అద్దం మీద లేని మరకను తుడిచాడు. "అది నా నోట రాదు. నీకు తెలుసుగా."

"తెలుసు. అందుకే అదే అనమనడం లేదు. నోట ఏదొస్తే అదే అనండి. కాని నిజం అనండి. అబద్ధమైతే వాడు ఇట్టే పట్టేస్తాడు."

"ఎక్కడ?"

"ఎక్కడన్నారో అక్కడే."

ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు ఆమెకు తోచలేదు. తోచినా చెప్పేదేమో.

చెక్కపట్టీ కొట్టిన అద్దం మార్చి ఇవ్వాల్సిందేనని అక్క పట్టుబట్టడంతో, పార్లరు కొలతకి సరిగ్గా ఇంకో అద్దం తయారైంది. ఈసారి కొలిచిందీ కోసిందీ తమ్ముడే. వెళ్ళేముందు ఆఖరి పని, ఒక్కడివల్ల కాదు కదా అని అక్క అడిగితే, "పని కాబట్టి వస్తాను" అన్నాడు. పార్లరావిడకి అక్క కబురు చేసి, జనం బాగా ఉండే పూట ఏదో చెప్పమంది. పార్లరావిడకి ఏమీ అర్థం కాలేదు.

"ఖాళీగా ఉన్నప్పుడు రావచ్చుగా? ఆడవాళ్ళుంటారు, మగవాళ్ళు లోపలికి వస్తే ఇబ్బంది."

"నేను కూడా వస్తానండీ, ఇబ్బందేం ఉండదు. ఖాళీగా ఉంటే మాత్రం కుదరదు. లైట్లు విప్పాలి కదా, ఆ ఎలక్ట్రీషియన్ని కూడా పిలవండి."

వెళ్ళేసరికి లోపల ఒకావిడ మొహమంతా తెల్లటి లేపనంతో, కళ్ళు మాత్రం కనబడేలా పడుకుని ఉంది. ఇంకొకావిడ జుట్టుకి వెండి కాగితాలు చుట్టుకుని కూర్చుంది. బావ తల దించుకుని లోపలికొచ్చాడు, ఎత్తితే ఎవరు కనబడతారోనని. మళ్ళీ కిందికెళ్ళి ఇద్దరూ అద్దం ఎత్తారు. మెట్ల మీద రెండు దెబ్బలు, మలుపు దగ్గర ఒక దెబ్బ, మళ్ళీ రెండు. మాటల్లేకుండా అద్దం పైకొచ్చింది. పాతది దింపి గోడకు ఆనించారు. కొత్తది ఎత్తి నిలబెడితే గోడకూ అద్దానికీ మధ్య కాగితం కూడా పట్టదు.

"ఈసారి ఎంత బాగా కుదిరిందండీ!" అంది పార్లరావిడ.

అదే అదను. అక్క గుమ్మం పక్కన నిలబడింది. బావ మనుషుల వైపు తిరగలేదు, అద్దానికే చెప్పాడు.

"ఆ రోజు ఇక్కడ నేనొక మాటన్నానండీ. వీణ్ణి మా ఆవిడ తమ్ముడని పెట్టుకున్నానని."

"అన్నారు, అన్నారు" అన్నాడు ఎలక్ట్రీషియను, ఎవరూ అడగకుండానే.

"అది తిరగేసి చెప్పాను." బావ ఆగాడు. మెడ మీద చెమట కారుతోంది. "మా ఆవిడ తమ్ముడని వీణ్ణి పెట్టుకోలేదండీ. వీడి అక్క అని మా ఆవిణ్ణి చేసుకున్నాను. వీడిలాంటి పనివాడు నాకు మళ్ళీ దొరకడని. వీడు నన్నొదిలి పోకూడదని."

తెల్లటి లేపనం ఆవిడకి నవ్వొచ్చి బుగ్గల మీద పగుళ్ళు పడ్డాయి. తమ్ముడి చేతిలో స్క్రూడ్రైవరు కదలడం మానేసింది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క చూసింది. పనైపోయింది, వాడిక పోడు అనుకుంది. అంతలోనే చెవులు భగ్గుమన్నాయి. ఇన్నేళ్ళు ఒక్క పురుగుకి కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నది, వెండి కాగితాలు చుట్టుకున్న ముక్కూమొహం తెలియని మనిషి ముందు నేలపాలైంది. చెప్పమన్నదీ తనే, నిజమే చెప్పమన్నదీ తనే. ఎవరి మీద కోప్పడాలి?

"బావా" అన్నాడు తమ్ముడు. నెల రోజుల తర్వాత నేరుగా ఆయనతో అన్న మొదటి మాట అది. "అక్క ఇక్కడే ఉంది బావా."

బావ తలెత్తాడు. అద్దంలో అందరి వెనకా, గుమ్మం పక్కన ఆమె కనబడింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నోరు పట్టు తప్పినప్పుడు తన మాట ఎక్కడిదాకా పోతుందో ఆ మనిషి అప్పుడే చూసుకున్నాడు.

"ఉంటే ఏం?" అంది అక్క. గొంతు తను అనుకున్నంత గట్టిగా రాలేదు. "నాకు తెలియని సంగతా? ఇన్నాళ్ళూ మీకూ నాకూ తెలుసు, ఇప్పుడు వీళ్ళకీ తెలిసింది."

"నీకు తెలుసా?"

"మీరొచ్చినప్పుడల్లా వాడి మొహమే చూస్తూ కూర్చుంటే, గోడకు కూడా తెలుస్తుంది."

"అదేం మాటండీ, కట్టుకున్నదాని ముందు?" అని వెండి కాగితాలావిడ బావని నిలదీసింది. ఆవిడకి ఈ కథతో ఏ సంబంధమూ లేదు. కాని ఆ గదిలో అప్పుడు బయటివాళ్ళెవరూ మిగల్లేదు.

బావ అద్దాన్ని వదిలి మొదటిసారి మనుషుల వైపు తిరిగాడు. ఎటు చూడాలో తెలియక చివరికి తన చేతులు చూసుకున్నాడు.

"వీడు పోతానన్నాడండీ. పోతే పోతాడు, పనికేముంది, తిప్పలు పడి ఇంకొకణ్ణి చూసుకుంటాను. నా భయం అది కాదు. వీడు పోతే ఈవిడ నా దగ్గర ఎందుకుండాలి? నాలో ఏముంది? నోరా, గుణమా? తమ్ముడున్నాడనేగా ఇన్నేళ్ళూ నన్ను భరించింది. వాడే లేకపోతే..."

అక్క గుమ్మం పట్టుకుంది. నెల పొడుగునా సాన దగ్గర తను మనసులో తిప్పుకున్నవి ఇవే మాటలు, ఇదే వరసలో. ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి ఇద్దరూ ఒకే భయాన్ని విడివిడిగా అరగదీస్తున్నారన్నమాట. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అంటే నేను పోతే పోయానా బావా?" అన్నాడు తమ్ముడు.

"నువ్వుండరా బాబూ! ఒక్కొక్కళ్ళకే చెప్పగలను."

గది గొల్లుమంది. ఎలక్ట్రీషియను నిచ్చెన దిగి మరీ నవ్వాడు. లేపనం ఆవిడ అదంతా మళ్ళీ వేయించుకోవాల్సి వచ్చింది, పార్లరావిడ అది తన లెక్కలో వేసుకుంటానంది.

పాత అద్దాన్ని మెట్ల మీంచి దించుతుంటే అక్క ముందు నడిచింది. ఆమెతో పనేమీ లేకుండానే వెనక రెండు గొంతులూ మోగుతున్నాయి.

"మెట్టు బావా."

"చూశాన్రా."

"ఆ బద్దని ఇవాళే విరిచి పారేస్తాను."

"ముట్టుకో, చూస్తాను."

"షోరూము వాళ్ళకి రానని చెప్పాలి. ఏమని చెప్పను?"

"మా బావ ఏడుస్తున్నాడని చెప్పు. మలుపు, మలుపు! చూసుకో!"

కొట్టు దాకా అదే గోల. సెలూనాయన బయటికొచ్చి చూసి, ఇదంతా తన ఉపన్యాసం ఫలితమేనని గిరాకీలకు చెప్పుకున్నాడు. ఎవరూ కాదనలేదు.

సాయంత్రం తమ్ముడు ఇంటికెళ్ళాక అక్క వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే బావ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. గుమ్మం చెక్కని గోటితో గీరాడు. ఆమె తరుగుతూనే ఉంది.

"మొదట్లో వాడి కోసమే" అన్నాడు చివరికి.

"ఊఁ."

"తర్వాత కాదు."

ఆమె కత్తి ఆపింది. "తర్వాతంటే? ఎప్పట్నుంచి?"

బావ నిజంగానే ఆలోచించాడు. నేల చూశాడు, పైకప్పు చూశాడు, అన్నేళ్ళనూ ఒక్కొక్కటిగా వెతుక్కున్నాడు. అక్క కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, ఉల్లిపాయల వల్ల అనుకుంటే ఆయనకే మంచిదని తుడుచుకోలేదు.

"తెలీదు" అన్నాడు.

అబద్ధం చెప్పేవాడైతే ఏదో ఒక రోజు పేరు చెప్పి ఊరుకునేవాడే. అందుకే ఆమె నమ్మింది.